పోయిన మనస్సును కసరకుండా వెనక్కి పిలుచుకోవడం

చిత్తూరు నుంచి ఒక ఉపాధ్యాయురాలు అడిగిన ప్రశ్నకు ఇది నా జవాబు. నాలుగు నెలలుగా రోజూ తెల్లవారుజామున ఐదు గంటలకు, ఇంట్లోవాళ్ళు లేవకముందే, దేవుడి గది ముందు చాప వేసుకుని ఇరవై నిమిషాలు శ్వాస మీద ధ్యాస పెట్టి కూర్చుంటున్నానని, అందులో రెండు నిమిషాలు కూడా మనస్సు నిలవడం లేదని ఆమె రాశారు. అబ్బాయి పదో తరగతి పరీక్షలు, బడిలో మిగిలిపోయిన పనులు, అన్నిటికంటే ఎక్కువగా గృహప్రవేశం రోజున తోటికోడలు పదిమందిలో అన్న ఒక మాట, ఇవే తిరిగి తిరిగి వస్తున్నాయట. ఆలోచనలను ఆపడం ఎలాగో చెప్పమని, అసలు తనకు ధ్యానం చేసే యోగ్యత లేదేమోనని ఆమె అడుగుతున్నారు.

నేను తిరుపతిలో ఉంటాను. ఇరవై ఏడేళ్ళుగా ధ్యానం చేస్తున్నాను. పదకొండేళ్ళుగా ఆదివారం ఉదయాలలో మా వీధిలోని ఒక చిన్న హాలులో పది పన్నెండుమందితో కలిసి కూర్చుని, కొత్తగా వచ్చినవారికి నాకు తెలిసినంత చెబుతున్నాను. నేను వైద్యుణ్ణి కాను, ఏ సంప్రదాయానికీ గురువును కాను. ఈ ఒక్క ఇబ్బంది గురించి మాత్రం, నా విషయంలోనూ ఇతరుల విషయంలోనూ, చాలాకాలం దగ్గరగా చూశాను.

అమ్మా, మీ రెండో మాటకు ముందు జవాబు చెబుతాను. యోగ్యత లేదన్న అనుమానంతో కూర్చున్నవారికి ఏ పద్ధతి చెప్పినా అది మరో పరీక్షగా మారిపోతుంది. మనస్సు నిలవకపోవడం మీ లోపం కాదు. 2010లో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అనే ఇద్దరు పరిశోధకులు 2,250 మంది వయోజనులను, రోజులో అనుకోని వేళల్లో ఫోను ద్వారా పలకరించి, ఇప్పుడు ఏం చేస్తున్నారు, మనస్సు ఆ పని మీదే ఉందా, ఇంకెక్కడైనా ఉందా అని అడిగారు. దాదాపు 47 శాతం సందర్భాలలో మనస్సు చేస్తున్న పని మీద లేదు. అంతకు ముందే, 2001లో, మెదడును పరిశోధించే మార్కస్ రైకిల్, ఆయన సహచరులు మరొక సంగతి వెల్లడించారు. మనిషి ఏ పనీ పెట్టుకోకుండా ఊరికే ఉన్నప్పుడు మెదడులో కొన్ని భాగాలు విశ్రాంతి తీసుకోవడానికి బదులు మరింత చురుకుగా ఉంటాయి. గడిచినదాన్ని తలుచుకోవడం, రాబోయేదాన్ని ఊహించుకోవడం, నన్ను గురించి ఎవరేమనుకుంటున్నారో అని ఆలోచించడం ఈ భాగాల పనులేనని తరువాతి పరిశోధనలు చెప్పాయి. మీరు కళ్ళు మూసుకోగానే పరీక్షలూ తోటికోడలూ ముందుకు రావడానికి కారణం ఇదే. పగలంతా పనుల హడావుడిలో వెనక్కి తగ్గిన మాటలకు ఆ ఐదు గంటల నిశ్శబ్దంలోనే చోటు దొరుకుతుంది.

మన పెద్దలకు ఇది తెలియని సంగతి కాదు. భగవద్గీత ఆరో అధ్యాయంలో అర్జునుడు మీరు అడిగినదే అడిగాడు. మనస్సు చంచలమైనదని, బలమైనదని, దాన్ని పట్టుకోవడం గాలిని పట్టుకోవడమంత కష్టమని మొరపెట్టుకున్నాడు. కృష్ణుడు దానికి 'అసంశయం' అన్నాడు, అంటే నువ్వు చెప్పింది నిజమే, సందేహం లేదని ఒప్పుకున్నాడు. నీకు యోగ్యత లేదని అనలేదు. అభ్యాసంతో, వైరాగ్యంతో అది లొంగుతుందని మాత్రం చెప్పాడు.

ఇక ఆలోచనలను ఆపడం సంగతి. ఆపే ప్రయత్నమే చేయకండి. 1987లో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కొందరిని ఒక గదిలో కూర్చోబెట్టి, ఐదు నిమిషాలపాటు తెల్ల ఎలుగుబంటిని తలుచుకోవద్దని, తలపుకు వచ్చినప్పుడల్లా గంట కొట్టమని చెప్పాడు. గంట మోగుతూనే ఉంది. పైగా, ఇక తలుచుకోవచ్చునని తరువాత చెప్పినప్పుడు, మొదటినుంచీ తలుచుకోమని చెప్పినవారికంటే వీరికే ఆ ఎలుగుబంటి ఎక్కువసార్లు గుర్తుకొచ్చింది. ఒక తలపు లోపలికి రాకూడదని కాపలా కాసేవాడు అది వచ్చిందేమోనని వాకిట్లో దానికోసమే వెతుకుతూ నిలబడవలసి వస్తుంది. తోటికోడలి మాట రాకూడదని పట్టుబట్టి కూర్చున్న రోజున అది మరీ ఎక్కువగా వచ్చిందని మీరు రాసిన వాక్యం చదివినప్పుడు నాకు ఈ పరిశోధనే గుర్తుకొచ్చింది.

ఆ ఇరవై నిమిషాలలో నిజానికి ఏం జరుగుతున్నదో ఒకసారి నిదానంగా చూద్దాం. ముక్కు పుటాల దగ్గర గాలి తగులుతున్నది తెలుస్తూ ఉంటుంది. ఏదో ఒక క్షణంలో, మనతో చెప్పకుండానే, మనస్సు పక్కకు పోతుంది. పోయినంతసేపూ పోయిన సంగతి తెలియదు. గృహప్రవేశం పందిట్లోనే ఉంటాం, ఆ మాట వింటూనే ఉంటాం, ఆ రోజు నోరు పెగలక చెప్పలేకపోయిన జవాబును ఇప్పుడు చెబుతూనే ఉంటాం. ఉన్నట్టుండి, నేను ధ్యానానికి కదా కూర్చున్నాను అని తెలుస్తుంది. ఆ తరువాత మళ్ళీ శ్వాస దగ్గరికి వస్తాం. 2012లో అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో వెండీ హాసెన్‌క్యాంప్ బృందం సరిగ్గా ఈ నాలుగు దశలనే పరిశీలించింది. ధ్యానంలో అనుభవమున్న 14 మందిని మెదడును చిత్రించే యంత్రంలో పడుకోబెట్టి, శ్వాసను గమనించమని, మనస్సు పోయిందని తెలిసినప్పుడల్లా ఒక బటన్ నొక్కమని చెప్పింది. మనస్సు పోయిన దశలో, ఊరికే ఉన్నప్పుడు చురుకయ్యేవని పైన చెప్పిన భాగాలు, తెలిసిన క్షణంలో మరికొన్ని, ధ్యాసను తిరిగి తెచ్చి నిలిపేటప్పుడు ఇంకొన్ని పనిచేస్తున్నట్టు కనబడింది. నాకు ఇందులో అన్నిటికంటే విలువైనదిగా తోచేది వేరే ఉంది. అనుభవజ్ఞుల మనస్సు కూడా మాటిమాటికీ పోతుందన్న నమ్మకం లేకపోతే ఆ పరిశోధనను మొదలుపెట్టే వీలే లేదు.

ఈ నాలుగు దశలలో మన చేతిలో ఏముందో చూడండి. మనస్సు పోవడం మన చేతిలో లేదు, అది మనకు తెలియకుండా జరుగుతుంది. పోయిందని తెలియడం కూడా మన చేతిలో లేదు. తెలియని స్థితిలో ఉన్నవాడు ఇప్పుడు తెలుసుకుంటానని నిర్ణయించుకోలేడు కదా. ఆ తెలివిడి తనంతట తాను వస్తుంది, ఒక వరంలా వస్తుంది. మన చేతిలో ఉన్నదల్లా అది వచ్చాక దాన్ని ఎలా ఆదరిస్తామన్నదే. నేను ఈ జవాబు రాస్తున్నది ముఖ్యంగా ఈ ఒక్క విషయం చెప్పడానికే. మీరు ఇంతకాలం ఓటమి అనుకుంటూ వచ్చిన ఆ క్షణం, మనస్సు పోయిందని తెలిసిన క్షణం, ఆ ఇరవై నిమిషాలలో మీరు నిజంగా మెలకువతో ఉన్న క్షణం. దాన్ని మీరు కసురుకుంటున్నారు. మీరు ఉపాధ్యాయురాలు, మీ తరగతిలోనే చూసి ఉంటారు. తప్పు చేసి తనంతట తానే వచ్చి ఒప్పుకున్న పిల్లవాణ్ణి ఒప్పుకున్నందుకే కొడితే, వాడు తప్పు చేయడం మానడు, వచ్చి చెప్పడం మానుకుంటాడు. మనస్సు కూడా అంతే. తెలిసిన ప్రతిసారీ తిట్టు తిన్న తెలివిడి క్రమంగా ఆలస్యంగా వస్తుంది. పలకరించి కూర్చోబెట్టిన తెలివిడి రోజురోజుకూ త్వరగా వస్తుంది.

నేను ఇది పుస్తకాలు చదివి తెలుసుకోలేదు. ధ్యానం మొదలుపెట్టిన కొత్తలో, మనస్సు పోయిన ప్రతిసారీ గడియారాన్ని మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాలని నేనే ఒక నియమం పెట్టుకున్నాను. ఇరవై నిమిషాలు ఏకధాటిగా నిలిచిన రోజునే కూర్చున్నట్టు లెక్క. అలాంటి రోజు ఒక్కటీ రాలేదు. దవడలు బిగించి, కనుబొమలు ముడిచి, శ్వాసను పట్టి లాగుతూ కూర్చునేవాణ్ణి. లేచేసరికి నుదుటి మీద ఎవరో తాడు బిగించి కట్టినట్టు ఉండేది. ఆరు నెలలు అలా చేసి, ధ్యానం నాకు తగదని నిర్ణయించుకుని, దాదాపు ఒక ఏడాది పూర్తిగా మానేశాను. ఆ ఏడాది ఎవరితోనూ దాని గురించి మాట్లాడలేదు. మీ ఉత్తరంలో యోగ్యత అన్న మాట దగ్గర నేను ఆగిపోవడానికి అదే కారణం.

మళ్ళీ మొదలుపెట్టడానికి దారి చూపినది అలిపిరి నడకదారిలో ఎదురైన ఒక తల్లి. ఆ దారిలో 3,550 మెట్లు. మొక్కుకున్నవాళ్ళు కొందరు ప్రతి మెట్టుకూ పసుపు రాసి కుంకుమబొట్టు పెడుతూ వంగి లేస్తూ ఎక్కడం మన ప్రాంతంవాళ్ళందరూ చూసినదే. ఆమె కూడా అలాగే ఎక్కుతోంది. వెంట నాలుగేళ్ళ పిల్లవాడు ఉన్నాడు. వాడు కాసేపు పక్కన నడిచేవాడు, కాసేపటికి జింకలను చూస్తానని పక్కకు పరుగెత్తేవాడు, కిందికి దిగిపోయేవాడు. ఆమె పసుపు గిన్నె మెట్టు మీద పెట్టి, దిగి వెళ్ళి, వాణ్ణి చేయిపట్టి తెచ్చుకుని, మళ్ళీ ఎదురుగా ఉన్న మెట్టుకు బొట్టు పెట్టేది. నేను ఆయాసం తీర్చుకోవడానికి కూర్చున్న చోటినుంచి చూస్తుండగానే ఇలా ఎన్నోసార్లు జరిగింది. ఒక్కసారి కూడా ఆమె వాణ్ణి విసుక్కోలేదు. ఇంకా ఎన్ని మెట్లున్నాయోనని పైకి చూడలేదు. తీరా ఆలోచిస్తే, పిల్లవాణ్ణి ఇంటి దగ్గర వదిలి రానందుకు ఆమె మొక్కుకు ఏ లోటూ రాలేదు. వాడి కోసం దిగి రావడం కూడా ఆ ఎక్కడంలో కలిసిపోయింది. నేను ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, దాదాపు ఏడాది తరువాత, పది నిమిషాలు కూర్చున్నాను.

గీతలో ఆ పనికి సరిపోయే శ్లోకం ఉంది. ఆరో అధ్యాయంలోనే, 'యతో యతో నిశ్చరతి మనశ్చంచలమస్థిరమ్, తతస్తతో నియమ్యైతదాత్మన్యేవ వశం నయేత్' అని. ఎక్కడెక్కడికి మనస్సు పోతుందో అక్కడక్కడి నుంచి దాన్ని మళ్ళించి తీసుకురావాలి అని అర్థం. యతో యతః, తతస్తతః అని మాటలను రెండేసిసార్లు పలకడంలోనే అది ఎన్నోసార్లు పోతుందని, అన్నిసార్లూ తేవాలని ఉంది. నియమ్య, అంటే అదుపు చేసి, అన్న మాటను పట్టుకుని దీన్ని కట్టడిగా చెప్పేవారున్నారు. దానికి ముందున్న శ్లోకం 'శనైః శనైః' అని, మెల్లమెల్లగా అని, మొదలవుతుందన్నది మరిచిపోకూడదు.

ఇప్పుడు చేయవలసిన పని చెబుతాను. ముందు, ఇరవై నిమిషాలను పన్నెండుకు తగ్గించండి. విసుగుతో చేసిన ఇరవై కంటే ఓర్పుతో చేసిన పన్నెండు మేలు. నెల తరువాత మీకే పెంచాలనిపిస్తుంది. చాప మీద మోకాళ్ళు నొప్పి పుడుతుంటే కుర్చీలో కూర్చోండి, పాదాలు నేలకు ఆనితే చాలు. శ్వాసను ముక్కు దగ్గర పట్టుకోవడం మీకు ఒత్తిడిగా ఉన్నట్టు తోస్తోంది. పొట్ట మీద చేయి పెట్టుకుని అది లేచి దిగడాన్ని గమనించండి. అక్కడ కదలిక పెద్దది, దాన్ని వెతుక్కోనక్కరలేదు. శ్వాసను పొడిగించవద్దు, లోతుగా తీయవద్దు, అది ఎలా వస్తే అలా రానివ్వండి. మొదట్లో ఆసరా కావాలంటే, వదిలే ఊపిరికి ఒకటి చొప్పున పది వరకు లెక్కపెట్టి మళ్ళీ ఒకటికి రండి. లెక్క తప్పితే ఎక్కడ తప్పిందో వెతక్కుండా ఒకటి అనండి. ఇష్టదైవం నామం మీకు అలవాటైతే అంకెల బదులు అదే పెట్టుకోవచ్చు, దానితో పని ఏమీ మారదు.

మనస్సు పోయిందని తెలిసినప్పుడు వెంటనే శ్వాస దగ్గరికి దూకకండి. చాలామంది చేసే పొరపాటు ఇదే, దొంగతనం చేస్తూ దొరికినవాడిలా ఉలిక్కిపడి వెనక్కి పరుగెత్తుతారు. ఒక్క ఊపిరి తీసినంతసేపు ఆగండి. ఆలోచన అని, లేకపోతే ప్రయాణం అని, మీకు నచ్చిన ఒక చిన్న మాట లోపల మెల్లగా అనుకోండి. అనే గొంతును గమనించండి, అందులో విసుగు ఉంటే మాటను మళ్ళీ ఒకసారి, నిద్రలో ఉన్న పిల్లవాడి పక్కన మాట్లాడినంత మెత్తగా, అనుకోండి. ఆ తరువాత నుదురు, దవడ, భుజాలు చూసుకోండి. మనస్సు ఎక్కడికైనా పోయి వచ్చినప్పుడు ఈ మూడింటిలో ఒకటైనా బిగుసుకుని ఉంటుంది. అది వదులైనప్పుడు వదిలే ఊపిరితో పాటు పొట్ట దగ్గరికి రండి. ఇదంతా రాయడానికి ఇన్ని వాక్యాలు పట్టింది కానీ, చేయడానికి రెండు మూడు శ్వాసలు చాలు. ఆలోచన మధ్యలో తెగిపోయినప్పుడు దాన్ని పూర్తిచేసి రావాలన్న కోరిక కలుగుతుంది. పూర్తి చేయవద్దు, దాన్ని తోసేయనూ వద్దు, అలాగే సగంలో వదిలేయండి. ఆ ఆలోచన ఎక్కడినుంచి ఎక్కడికి వచ్చిందో వెనక్కి నడిచి చూసుకోవడం సరదాగానే ఉంటుంది, అయితే అది మరో ప్రయాణం అవుతుంది.

ఎన్నిసార్లు తిరిగి రావాలన్న ప్రశ్న ఇక్కడ తప్పకుండా వస్తుంది. మా అమ్మగారి ఊరు శ్రీకాళహస్తి. చిన్నప్పుడు సెలవుల్లో అక్కడ కలంకారీ వేసే పెద్దవాళ్ళ పక్కన గంటలతరబడి కూర్చునేవాణ్ణి. వెదురు కలానికి చుట్టిన గుడ్డ రంగును పీల్చుకుంటుంది, వేళ్ళతో కొద్దికొద్దిగా నొక్కుతూ గీస్తారు. తుప్పుపట్టిన ఇనుమును బెల్లం నీళ్ళలో ఊరవేసి చేసిన ఆ నల్లరంగు కొద్ది గీతలకే అయిపోతుంది. మళ్ళీ ముంచుతారు. రోజంతా అదే పని. రంగు అయిపోయినందుకు కలాన్ని నిందించినవాళ్ళను నేను చూడలేదు, ముంచడం ఎన్నిసార్లయిందో లెక్కపెట్టినవాళ్ళనూ చూడలేదు. పన్నెండు నిమిషాలలో మీరు నలభైసార్లు వెనక్కి వస్తే నలభైసార్లు ముంచారు, గీత సాగుతోంది.

తోటికోడలి మాట గురించి విడిగా చెప్పాలి. అది మిగతా ఆలోచనల వంటిది కాదు. రేపటి పనుల తలపులు తేలికైనవి, పేరు పెట్టి వదిలితే పోతాయి. దెబ్బ తగిలిన చోటు అలా పోదు, నాలుగు శ్వాసల తరువాత మళ్ళీ వస్తుంది. అది మూడోసారి వచ్చినప్పుడు శ్వాసను కాసేపు పక్కన పెట్టండి. ఆ మాటలోని కథను, ఎవరు ఎవరిని ఏమన్నారు, ఎవరెవరు విన్నారు అన్నదాన్ని అలా ఉండనిచ్చి, ఒంట్లో అది ఎక్కడ ఉందో చూడండి. కొందరికి గుండెల మీద బరువుగా, కొందరికి గొంతులో అడ్డుగా, కొందరికి చెవుల దగ్గర వేడిగా ఉంటుంది. ఆ బరువు మీద, ఆ వేడి మీద, శ్వాస మీద పెట్టినట్టే ధ్యాస పెట్టండి. అది పెరుగుతున్నదా, తగ్గుతున్నదా, చోటు మారుతున్నదా అని చూస్తూ ఉండండి. తగ్గాలని చూడవద్దు. కథను ఎంతసేపు తిప్పినా అది కొత్తగానే ఉంటుంది, ఎందుకంటే ప్రతిసారీ మనం ఒక కొత్త జవాబు చేరుస్తాం. ఒంట్లోని వేడి మాత్రం, దాన్ని ఊరికే చూస్తూ ఉంటే, తనంతట తాను మారుతుంది. నాకు దగ్గరివారొకరు అన్న ఒక మాటతో నేను ఇలా నెలల తరబడి కూర్చోవలసి వచ్చింది. మాట మరిచిపోలేదు, ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. కాని వారింటి శుభకార్యానికి వెళ్ళి భోజనం చేసి రాగలుగుతున్నాను. ధ్యానం ఆ మాటను మరిపిస్తుందని కానీ, తోటికోడలితో మాట్లాడి తేల్చుకోవలసిన విషయం ఉంటే దాన్ని అక్కరలేకుండా చేస్తుందని కానీ నేను చెప్పను. మాట్లాడవలసి వస్తే మాట్లాడండి. వణకని గొంతుతో మాట్లాడగలగడం కూడా చిన్న లాభం కాదు.

పరీక్షలు, బడి పనుల వంటి వాటికి ఉపాయం సులువు. కూర్చోవడానికి ముందు ఒక కాగితం మీద ఆ రోజు చేయవలసినవన్నీ రాసి గది బయట పెట్టండి. రాసినదాన్ని గుర్తుపెట్టుకునే బాధ్యత మనస్సుకు తగ్గుతుంది. మధ్యలో ఏదైనా గొప్పగా తోచినా లేచి రాయకండి.

నిద్ర వేరు, దాన్ని మనస్సు పరుగుతో కలపకూడదు. ఐదు గంటలకు లేచేవారికి తల వాలిపోవడం సహజం. మాండూక్య ఉపనిషత్తు మీద రాసిన కారికలో అద్వైత ఆచార్యులైన గౌడపాదులు 'లయే సంబోధయేచ్చిత్తం విక్షిప్తం శమయేత్ పునః' అన్నారు. మగతలోకి జారిన మనస్సును మేల్కొలపాలి, చెదిరిన మనస్సును శాంతపరచాలి. రెంటికీ మందు ఒకటి కాదు. జోగుతున్నప్పుడు నుదురూ భుజాలూ ఇంకా వదులు చేసుకుంటే నిద్రే వస్తుంది. అప్పుడు వెన్ను నిలబెట్టి, కళ్ళు సగం తెరిచి, అవసరమైతే లేచి నిలబడి శ్వాసను గమనించండి. అయినా తగ్గకపోతే రాత్రి ఒక అరగంట ముందుగా పడుకోవలసి ఉంటుంది, దానికి ధ్యానంలో వేరే మార్గం లేదు.

చప్పుడు గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను, ఎందుకంటే నిశ్శబ్దమైన చోటు దొరికితే అంతా సర్దుకుంటుందని చాలామంది ఏళ్ళు గడిపేస్తారు. మా ఇల్లు కొండకు వెళ్ళే బస్సుల దారికి దగ్గర. మీ చిత్తూరులో మామిడికాలంలో గుజ్జు ఫ్యాక్టరీలకు వెళ్ళే లారీల మోత ఉండనే ఉంటుంది. చప్పుడు వినబడడం ధ్యానానికి అడ్డు కాదు. వీళ్ళు ఇంత పొద్దున్నే హారన్ ఎందుకు కొడతారన్న వాదన లోపల మొదలైనప్పుడే మనస్సు పోయినట్టు. ఆ వాదనను మిగతా ఆలోచనలలాగే పలకరించి వదలండి.

మన ప్రాంతంలోనే, మదనపల్లెలో, 1895లో పుట్టిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి ఈ పద్ధతినంతా ఒప్పుకునేవారు కాదని కూడా చెప్పడం న్యాయం. మనస్సును ఒకచోట నిలపాలని చేసే ప్రయత్నమే ఒక సంఘర్షణ అని, నిలిపేవాడూ నిలపబడేదీ వేరు కావని ఆయన చెప్పారు. నేను ఆ మాటను చాలాకాలం మోశాను. ఏ పద్ధతీ లేకుండా గమనించగలిగేవారు ఉంటారు, వారికి నా జవాబు అవసరం లేదు. మాలాంటివారికి తిరిగి రావడానికి పొట్ట కదలిక వంటి ఒక చోటు కావాలి. అయితే ఆ రావడంలో సంఘర్షణ పెరుగుతున్నదా, తగ్గుతున్నదా అని అడుగుతూ ఉండడం ఆయన నుంచి నేను నేర్చుకున్నాను.

ఒక జాగ్రత్త. కూర్చున్నప్పుడు వచ్చేవి ఇంటి చికాకుల వంటివి కాక, ఎప్పుడో జరిగిన పెద్ద ప్రమాదమో, దుర్ఘటనో కళ్ళముందు మళ్ళీ జరుగుతున్నట్టు రావడం, గుండెదడ, ఊపిరాడనట్టుండడం, రోజుల తరబడి నిద్ర పట్టకపోవడం వంటివి ఎవరికైనా ఉంటే, ఓర్చుకుని కూర్చోవద్దు. కళ్ళు తెరవండి, లేచి నడవండి, ధ్యానం ఆపి మానసిక వైద్యులను కలవండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు. మీ ఉత్తరంలో అలాంటి సూచనలేవీ కనబడలేదు, అయినా ఇది చదివే ఇతరుల కోసం చెబుతున్నాను.

బాగుపడుతున్నట్టు ఎలా తెలుస్తుందని మీరు అడిగారు. ఆలోచనలు తగ్గాయా అని చూడకండి, కొన్ని వారాలు అవి ఎక్కువైనట్టే అనిపిస్తుంది, ఎందుకంటే ఇదివరకు గమనించనివి ఇప్పుడు కనబడతాయి. పందిట్లో పూర్తి భోజనం చేసి వచ్చే మనస్సు, కొన్నాళ్ళకు పంక్తిలో కూర్చోబోతుండగానే, ఇంకొన్నాళ్ళకు గుమ్మం దగ్గరే తెలుసుకుని తిరిగి వస్తుంది. ఆ దూరం తగ్గడం ఒక గుర్తు. రెండో గుర్తు ధ్యానం బయట కనబడుతుంది. తరగతిలో ఒక పిల్లవాడి మీద అరవబోతూ, నోటి దాకా వచ్చిన మాటను ఒక్క శ్వాసపాటు గమనించి, అరవాలా వద్దా అని ఎంచుకోగలిగిన రోజు వస్తుంది. యోగసూత్రాలలో పతంజలి అభ్యాసం గట్టిపడడానికి మూడు చెప్పాడు, చాలాకాలం చేయడం, ఎడతెగకుండా చేయడం, ఆదరంతో చేయడం. మొదటి రెండింటి గురించి అందరూ చెబుతారు. మూడోది, 'సత్కార' అన్న మాట, మీ ప్రశ్నకు నేరుగా సంబంధించినది. ఇంటికొచ్చిన అతిథికి చేసే సత్కారం ఎలాంటిదో, తిరిగి వచ్చిన మనస్సుకు చేసేదీ అలాంటిదే.

ఇక రేపటి నుంచి, ధ్యానం సమయం అయిందని అలారం మోగగానే లేచి వంటింట్లోకి పరుగెత్తకండి. మోగడం ఆగాక ఇంకో మూడు శ్వాసలు కూర్చుని, చేతులు రుద్దుకుని, మెల్లగా లేవండి. తరువాత పాలు పొయ్యి మీద పెట్టినప్పుడు, ఫోను తీయకుండా, కూరగాయలు తరగకుండా, అవి పొంగేదాకా వాటి దగ్గరే నిలబడి చూడండి. ఆ కొద్ది నిమిషాలలో కూడా మనస్సు పోతుంది, పోయిందని తెలుస్తుంది, మళ్ళీ గిన్నె అంచున లేస్తున్న మీగడ దగ్గరికి రావచ్చు. రెండు వారాలు ఇలా చేసి, వెనక్కి వచ్చినప్పుడు లోపలి గొంతు ఎలా ఉందో నాకు రాయండి. దాన్నిబట్టి తరువాత ఏం మార్చాలో చూద్దాం.